ఎండుమిరపకాయల బద్నాం

మా మేడం దాన్ని అభాండం అంటుంది. టీవీ సీరియల్లో అత్త కోడలి మీద వేసేది కూడా అభాండమేనట. మా జగిత్యాల వైపు మేం బద్నాం అంటాం. ఈ అల్ ఖోబర్‌లో మా బిల్డింగ్ కాపలా కాసే పాకిస్తానీ ముసలాయన కూడా బద్నాం అనే అంటాడు. కాబట్టి ఆ మాటకు నేను ఎక్కడికీ వెళ్లి అర్థం అడగాల్సిన పని పడలేదు. అదే నన్ను వెతుక్కుంటూ రెండుసార్లు వచ్చింది.

బద్నాం అంటే ఉత్త అబద్ధం కాదు. అబద్ధం అందరం ఆడతాం. ఊరికి ఫోన్ చేసి, మంచిగున్న, మంచిగ తింటున్న అని చెబుతానే, అది కూడా అబద్ధమే. దానివల్ల ఎవరికీ దెబ్బ తగలదు. బద్నాం అట్లా కాదు. ఒక మనిషిని చూసి, ఆ మనిషికి ఎక్కడ తగిలితే మళ్లీ లేవదో అది కూడా చూసి, అక్కడ వేస్తారు. మొగుడు చచ్చినదాని మీద ఒక రకం వేస్తారు. పనిమనిషి మీద ఇంకో రకం వేస్తారు. నేను రెండూ అయినదాన్ని గనక నాకు రెండు రకాలూ పడ్డాయి.

మొదటిది మా ఆయన పోయినప్పుడు పడింది. ఆయన జుబైల్‌లో వెల్డర్. కంపెనీ క్యాంపులో రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదు, గుండె ఆగింది. పెట్టె ఊరికి వచ్చిన రోజున ఆయన మేనత్త నా ముందే కూర్చుని, "నేను పెండ్లి నాడే జూసిన, దీని నెత్తిల సుడి మంచిగ లేదు. పిలగాన్ని మింగింది" అంది. ఏళ్ల తరబడి నా ముఖం చూడని మనిషిని, సముద్రం అవతల ఉన్నవాణ్ని, నేను జగిత్యాల పక్క పల్లెలో కూర్చుని ఎట్లా మింగానో ఒక్కరూ అడగలేదు. అడగకపోగా తలలు ఊపారు. ఆ తలలు ఊపడం ఉంది చూశారూ, బద్నాం అంటే సగం అదే. అనేది ఒక్కరే. ఊపేవాళ్లు ఊరంతా.

ఆ తర్వాత ఇంట్లో పూట గడవక నేనూ సౌదీకే వచ్చాను. ఖోబర్‌లో ఉండే ఒక ఇంజనీరు సారు ఇంటిపనికి వీసా తీశాడు. కోస్తావాళ్లు, మంచివాళ్లే. సారే నా కఫీల్, అంటే నా ఇఖామా, ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఆయన చేతిలో ఉంటుంది. ఆయన ఉండమంటే ఉండాలి, ఎగ్జిట్ కొడితే వెళ్లాలి. నేను వచ్చేనాటికి మేడం నిండు చూలాలు. పాప పుట్టాక నీళ్లు పోసింది నేను, సాంబ్రాణి వేసింది నేను, జోకొట్టింది నేను. ఆ పిల్ల అమ్మ అనడం కన్నా ముందు "అక్కా" అంది. మేడం కొంచెం ముఖం ముడుచుకుని, తర్వాత నవ్వేసింది.

బిల్డింగ్‌లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఈ దేశంలో మన పూజ బయటికి కనపడకూడదు గనక అందరి ఇళ్లలోనూ దేవుడు బట్టల అల్మారాలోనే ఉంటాడు. చీరలు ఒక అరలో, దేవుడు ఒక అరలో. శుక్రవారం ఆడవాళ్లంతా ఒక ఇంట్లో చేరి, కర్టెన్లు దగ్గరికి లాగి, ఏసీ పెద్దగా పెట్టి, గొంతు తగ్గించి సహస్రనామం చదువుకుంటారు. కర్పూరం వెలిగించరు. బ్యాటరీ దీపం పెడతారు, చైనాది. చదవడం అయ్యాక అల్మారా తలుపు మూసేసి, గొంతు పెంచి, ఎవరి కోడలు ఎవరిని ఏమందో మాట్లాడుకుంటారు. దానికి కర్టెన్లు అక్కర్లేదు.

అందులో మా పై అంతస్తులో ఉండే మేడం ఒకామె ఉంది. ఆమెను పై మేడం అంటాను. మనిషి చురుకు, గొంతు తేనె. నా చేతి పప్పుచారు ఒకసారి తిని, ఆ తర్వాతి వారం వంటింట్లోకి వచ్చింది.

"ఏమ్మా, మా ఇంటికి వచ్చేయకూడదూ? మా ఆయన నీ వీసా మా పేరు మీదకి మార్పించేస్తారు. నీకు విడిగా టీవీ కూడా పెట్టిస్తాను."

"పాపను ఇడిసి నేనేడికి రాను మేడం."

"పాప ఏమన్నా నీ కూతురా ఏంటి?"

"కాదు. అయినా రాను."

ఆమె నవ్వి, ఒక గారె తీసుకుని తింటూ వెళ్లిపోయింది. కోపం వచ్చినవాళ్లు తలుపు దబీమని వేస్తే మనకు తెలుస్తుంది. నవ్వుతూ వెళ్లేవాళ్లతోనే కష్టం.

ఇక అసలు సంగతి. పాప పుట్టినరోజు హోటల్లో ఘనంగా చేశారు. ఫొటోలు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మర్నాటి నుంచి పాప ముద్ద ముట్టదు, ఊరికే ఏడుస్తుంది. మేడం వాళ్లమ్మకు వీడియో కాల్ చేసింది. ఆ పెద్దావిడ ఫోన్లోనే తేల్చేసింది.

"దిష్టే తల్లీ, ఇంకేం కాదు. అందరి కళ్లూ పడ్డాయి. ఆ పనావిడ చేత తీయించు."

మేడం నా వైపు చూసి, "తీస్తావా?" అంది. తీయనా మరి? నా చేతుల మీద పెరిగిన పిల్లకు దిష్టి తీయడానికి నన్ను అడగాలా! ఎండుమిరపకాయలు, రాళ్ల ఉప్పు గుప్పిట్లో పట్టుకుని పాప చుట్టూ తిప్పాను. ఊళ్లో అయితే పొయ్యిలో వేస్తాం. ఇక్కడ పొయ్యి గాజుపలక, నిప్పు కనపడదు. ఏం చేద్దామని చూస్తుంటే మేడమే మూకుడు పెట్టి, "ఇందులో వేసెయ్" అంది. వేశాను. మిరపకాయలు నల్లబడి, పొగ లేచి, నేరుగా పైకి వెళ్లి, కప్పులో తెల్లగా గుండ్రంగా ఉండే మిషన్‌కు తగిలింది. అది మొదలుపెట్టింది అరవడం. దాన్ని విని మెట్ల దగ్గరిది అరిచింది. దాన్ని విని బిల్డింగ్ మొత్తం అరిచింది.

నైటీల మీద అబాయాలు వేసుకుని, ఒక చెప్పు ఉండి ఒక చెప్పు లేక, అందరూ కిందికి దిగారు. బయట మండే ఎండ. అందరికీ ఒకటే దగ్గు. ఒకాయన పాస్‌పోర్టులు సంకలో పెట్టుకుని దిగాడు, పెళ్లాం ఎక్కడుందని తర్వాత వెతుక్కున్నాడు. కాపలా ముసలాయన పరుగెత్తుకొచ్చి ఏం కాలిందని అడిగితే, మా మేడం కళ్లు తుడుచుకుంటూ, "సబ్జీ, సబ్జీ జల్ గయా" అంది. కూర మాడిందట. సరే, అదొక అబద్ధం. దానితో కూరకే నష్టం, అది కూడా లేని కూర.

పై మేడం మాత్రం నా చెయ్యి చూసింది. తొందరలో ఉప్పు గుప్పిట్లోనే ఉండిపోయింది.

"ఏం కూరమ్మా, ఉప్పు వేయకుండానే మాడబెట్టారా?"

నేను మా మేడం వైపు చూశాను. మా మేడం ఖర్జూరం చెట్టు వైపు చూసింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. దిష్టి ఉంటే మిరపకాయ ఘాటు రాదంటారు మా వైపు. ఆ రోజు బిల్డింగ్ మొత్తం దగ్గింది. అంటే పాపకు దిష్టి అస్సలు లేదు. పన్ను వస్తోంది, అంతే.

మూడు రోజులు పోయాక నేను వంటింట్లో చపాతీ పిండి పిసుకుతుంటే మేడం గ్రూపులో వచ్చిన వాయిస్ మెసేజీలు పెట్టుకుని వింటోంది. నాకు అక్షరాలు కూడబలుక్కునేంతే వచ్చు. చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. పై మేడం తేనె గొంతు వినిపించింది.

"నేను అనడం లేదండీ. ఎవరో అన్నారని చెప్తున్నానంతే. పిల్లలున్న వాళ్లం కదా, జాగ్రత్తగా ఉండాలి కదండీ. ఆవిడ వాళ్ల ఊళ్లో బాణామతి నేర్చుకుని వచ్చిందట. ఆ రోజు పొగ కూర పొగ కాదు."

మేడం గబుక్కున ఆపేసింది. నేను పిండి పిసుకుతూనే ఉన్నాను. పిండి ఏం పాపం చేసిందో, ఆ రోజు చపాతీలు రాలేదు, రబ్బరు చెప్పులు వచ్చాయి.

ఈ కోస్తావాళ్లకు బాణామతి అంటే సినిమా భయం. మాకు అట్లా కాదు. నా చిన్నప్పుడు మా పక్క ఊళ్లో ఒక ముసలాయన మీద ఆ మాట పడింది. మంత్రం సరిగ్గా పలకకుండా చేయాలని పట్టకారుతో ఆయన పళ్లు పీకారు. ఆయన మంత్రగాడు కాదు, మేకలు కాసేవాడు. ఆ తర్వాత మేకల్ని పిలవడానికి కూడా ఆయనకు నోరు తిరగలేదు. బద్నాం ఎంత దూరం పోతుందో నేను చూసింది ఆ బోసినోట్లో. ఇక ఈ దేశంలో మంత్రాలూ తంత్రాలూ అంటే పోలీసు కేసు. మా ఊళ్లో అయితే పళ్లు, ఇక్కడ అయితే జైలు. పై మేడం అట్లాంటి మాటను గారె తిన్నంత తేలిగ్గా అనేసింది.

మాట నడవడం మొదలుపెట్టాక దానికి కాళ్లు పెరుగుతాయి. దమ్మాం చేరేసరికి మిరపకాయల్లో సూదులు కలిశాయి. జుబైల్ చేరేసరికి పిండిబొమ్మ వచ్చింది. రియాద్‌లో ఎవరికో ఆ బొమ్మకు జుట్టు కూడా ఉన్నట్టు తెలిసింది. ఇవన్నీ మేడం ఫోన్లోనే విన్నాను. ఆమె తలుపేసుకుని వినేది, కానీ ఆ ఫోన్ గొంతు మా మేడం గొంతు కన్నా పెద్దది. చివరికి ఒక రోజు ఊరి నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. నేను పని మానేసి వెళ్లినప్పుడు తలదాచుకోవాల్సింది ఆమె ఇంట్లోనే.

"వదినా, నువ్వు గాడ బాణామతి జేస్తున్నవట గదా?"

"ఎవరన్నరే?"

"జుబైల్ల ఉండే మనోళ్ల పిలగాడు చెప్పిండట. కోడిని గోసినవట?"

"కోడిని రోజూ కోస్త. కూర వండుత."

"నవ్వులాట గాదు వదినా. ఊళ్లె అందరు అడుగుతున్రు. నువ్వొస్తే ఇంట్ల వెట్టుకుంటవా అని మా ఆయనను అడుగుతున్రు."

"మరి మీ ఆయనేమన్నడు?"

అటునుంచి వెనకాల బర్రె అరుపు ఒక్కటే వినిపించింది.

మర్నాడు చెత్త సంచి కింద పెట్టడానికి వెళ్తే కాపలా ముసలాయన ఆపాడు. తల గోక్కుని, అటూ ఇటూ చూసి, "బహన్, లోగ్ ఆప్ కో బద్నాం కర్ రహే హై" అన్నాడు, జనం నన్ను బద్నాం చేస్తున్నారని. బిల్డింగ్ యజమాని ఆ రోజు అలారం ఎందుకు మోగిందని అడిగాడట. కూర మాడిందనే చెప్పానన్నాడు. కానీ ఇంకెవరైనా వెళ్లి ఇంకేదైనా చెబితే తాను ఏమీ చేయలేనన్నాడు. గడ్డం నెరిసిన పరాయి మనిషి, నా మతం కాదు, నా దేశం కాదు, నా పక్కన నిలబడ్డాడు. సహస్రనామం చదివేవాళ్లు ఒక్కరూ నిలబడలేదు.

ఇప్పుడు నాకు భయం పట్టుకుంది. యజమాని చెవిన పడేలోగా సారే నన్ను పంపేస్తాడనుకున్నాను. అనుకున్నట్టే ఆ వారం హాల్లో మొగుడూ పెళ్లాలు మాట్లాడుకుంటుంటే విన్నాను.

"రిస్క్ ఎందుకు? ఎగ్జిట్ కొట్టేసి టికెట్ కొనిచ్చేద్దాం. ఇష్యూ క్లోజ్" అన్నాడు సారు.

"అలా అంటారేంటండీ! వెళ్తూ వెళ్తూ ఏదైనా చేసి పోతే?"

"అంటే నువ్వు నమ్ముతున్నావా?"

"నేనెందుకు నమ్ముతాను? కానీ ఎందుకొచ్చిన గొడవ చెప్పండి!"

సారు ఇంజనీరు. చాలాసేపు ఆలోచించి, "పాయింటే" అన్నాడు.

అట్లా నా ఉద్యోగం నిలబడింది. వంట బాగా చేస్తానని కాదు, పిల్లను బాగా చూస్తానని కాదు. వెళ్తే ఏం చేసి పోతానో అని. మర్నాటి నుంచి నా వైభవం చెప్పతరం కాదు. ఇన్నాళ్లలో ఎన్నడూ అడగనివాడు, "తిన్నావామ్మా?" అని సారు అడిగాడు. మేడం తన బట్టలు తానే మడత పెట్టుకుంది. దువ్వెనలో వెంట్రుక కనపడనిచ్చేది కాదు, గోళ్లు కత్తిరించుకుంటే ముక్కలు లెక్కపెట్టి మరీ ఫ్లష్ చేసేది. బిల్డింగ్ ఆడవాళ్లు అంతకుముందు "ఏమ్మా" అనేవాళ్లు కాస్తా "అక్కగారూ" అన్నారు. లిఫ్టులో నేను ఎక్కితే వాళ్లు దిగి, మెట్లెక్కి వెళ్లేవాళ్లు. డాక్టర్లు చెప్పినా ఎక్కని మెట్లవి.

అంతటితో ఆగితే అది మన ఆడవాళ్ల గ్రూపు ఎందుకవుతుంది? ఒక మధ్యాహ్నం మేడం నిద్రపోతున్నప్పుడు కింది అంతస్తు కోడలు ఒకామె తలుపు తట్టింది. చేతిలో స్వీటు డబ్బా.

"అక్కగారూ, చిన్న సాయం. మా అత్తగారికి విజిట్ వీసా పెట్టారు మావారు. అది ఎలాగైనా రాకుండా చూడాలి."

"నేనేం జేస్తనమ్మా?"

"అదే, మీకు తెలుసుగా. ఆవిడకేం కాకూడదు సుమండీ, పెద్దావిడ. కాగితం రిజెక్ట్ అయితే చాలు."

నా దగ్గర అట్లాంటివి ఏమీ లేవని చెబితే, ఆమె కన్ను గీటి, "నేనెవరికీ చెప్పనులెండి" అని డబ్బా పెట్టి పోయింది. అత్తగారికి వీసా రాలేదు. ఆ కాగితంలో ఫొటో సరిగ్గా లేదట. కానీ ఆ కోడలు ఊరుకుంటుందా? నాకు ఇంకో స్వీటు డబ్బా వచ్చింది, బిల్డింగ్‌లో నా పేరు ఇంకా వెలిగింది.

అబద్ధం ఎందుకు, ఒక పూట నాకూ అనిపించింది, పోనీలే అని. ఎవరూ కసరరు, ఎవరూ పంపరు, తినడానికి బాదుషాలు. కానీ పాపను నా దగ్గరికి రానివ్వడం మానేశారు. మేడం ఏమీ అనేది కాదు. నేను ముద్ద కలిపి పిలిస్తే, "నేను పెడతాలే, నువ్వు రెస్ట్ తీసుకో" అనేది. పాప నా గది తలుపు మీద అరచేత్తో కొట్టి, అక్కా, అక్కా అని పిలిస్తే, మేడం ఎత్తుకుపోయేది. తలుపు ఇవతల నేను బాదుషాల డబ్బాతో కూర్చునేదాన్ని. ఆ పిల్ల నా ఒళ్లోకి రావాలంటే నా పేరు నాకు రావాలి. ఊళ్లో గడప తొక్కాలన్నా అంతే. ఉద్యోగం ఒక్కటే మిగిలి ఏం చేసుకోను?

దేవుడు అల్మారాలో ఉండి కూడా చూస్తాడేమో. తర్వాతి శుక్రవారం సహస్రనామం మా ఇంట్లో. అందరూ హాల్లో ఫలహారాలు తింటుంటే పై మేడం వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. ముఖం వాడిపోయి ఉంది.

"అక్కగారూ, మీతో ఒక మాట."

"చెప్పు మేడం."

"మావారి కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతోంది. రెన్యూవల్ చేయరేమో అని భయంగా ఉంది. పిల్లాడి చదువు మధ్యలో ఉంది. మీరు కొంచెం ఏదైనా..."

"ఏదైనా అంటే?"

"అదేనండీ. మేనేజరు మనసు మారేలా."

నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వు ఎటో పోయింది. మాట పుట్టించింది ఈమె. ఊరూరా తిరిగి, సూదులూ బొమ్మలూ కోళ్లూ వేసుకుని వాకిట్లోకి తిరిగొచ్చేసరికి, తన మాటను తానే గుర్తుపట్టక, దానికి దండం పెడుతోంది.

"మేడం, నాకు బాణామతి వస్తదని నీకెవరు చెప్పిన్రు?"

"అందరూ అనుకుంటున్నారుగా."

"అందరికీ ఎవరు చెప్పిన్రు?"

ఆమె సింకు వైపు చూసింది.

"నీ గొంతు నేను విన్న మేడం. గీ బండ కాన్నే నిలవడి విన్న. నేను రాననంగనే నన్ను బద్నాం జేసినవ్."

"బద్నామేంటండీ అంత పెద్ద మాట! నేను ఎవరో అన్నారని అన్నానంతే."

"గా ఎవరో ఎవరు? తోల్కరా. నేను మాట్లాడుత."

హాల్లో ఎవరో పులిహోరలో ఉప్పు తక్కువైందని అంటున్నారు.

"ఒక్కటి చెప్త ఇను. రేపు ఓనర్‌కు తెలుస్తది. పోలీసులొస్తరు. నా గది తెరుస్తరు. ఒక సూట్‌కేస్, ఒక జండూబామ్ డబ్బా దొరుకుతయి. గాడ ఏం దొరకలేదని ఊకుంటరా? మంత్రాల బిల్డింగని అందరి తలుపులు కొడ్తరు. నీ అల్మారా తెరుస్తరు. చీరల కింది అరలో ఏమున్నదో గప్పుడు నువ్వే చెప్పాలె. గది పూజ అని నీకు తెలుసు, నాకు తెలుసు. గాళ్లకెట్ల చెప్తవ్? ఎవరో అన్నరని చెప్తవా?"

అప్పటిదాకా ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు. ఇంత చదువుకున్న ఆడవాళ్లు, దేవుణ్ని దాచుకుని బతికే చోట, పనిమనిషి మీద మంత్రాల బద్నాం వేస్తే అది గోడ దూకి తమ అల్మారాలోకే వస్తుందని ఒక్కరూ అనుకోలేదు. అనుకోవడానికి తీరిక ఉండాలి కదా, పంపుకోవడంతోనే సరిపోయింది.

"ఇప్పుడేం చేయమంటారు?"

"ఏ గొంతుతోటి అన్నవో గా గొంతుతోటే కాదని చెప్పు. గా గ్రూపుల్నే. ఇప్పుడే."

"నేను అబద్ధం ఆడానని చెప్పాలా? నా పరువేం కావాలి?"

"మరి నాది?"

ఆమె ఫోన్ తీసి, గొంతు సవరించుకుని, తేనె కలిపి మాట్లాడింది. నా ఎదురుగానే. ఇదిగో ఆ మెసేజీ, నాకు నోటికి వచ్చేసింది.

"హలో అండీ అందరికీ. మన అక్కగారి మీద ఎవరో పనిగట్టుకుని పుకార్లు పుట్టిస్తున్నారు. చాలా బాధేసిందండీ నాకు. ఆవిడకు అలాంటివేం తెలియవు. ఒక పేద మహిళ మీద అభాండాలు వేయడం మన సంస్కారం కాదు. దయచేసి ఎవరూ నమ్మొద్దు, ఫార్వర్డ్ చేయొద్దు."

హాల్లో ఫోన్లన్నీ ఒక్కసారే టింగుమన్నాయి. అందరూ విన్నారు. అందరూ, "అయ్యో, ఎవరండీ అంత మాట అన్నది!" అన్నారు. సూదులు కలిపినామె అంది, బొమ్మకు జుట్టు పెట్టినామె అంది. ఆ ఎవరో మాత్రం దొరకలేదు. పై మేడం కళ్లు ఒత్తుకుంటూ హాల్లోకి వెళితే, ఎంత మంచి మనసండీ మీది అని ఇద్దరు ఆమె భుజం నిమిరారు. నేను కావాలన్నది ఇది కాదు. కానీ ఆ గొంతు నుంచి ఇంతకన్నా నిజం రాదని నాకూ తెలిసింది. దొరికినంత తీసుకున్నాను.

ఒక్క మాట మాత్రం నిజం, ఆ బద్నాం పోయిన దారినే ఈ మెసేజీ కూడా పోయింది. దమ్మాం వెళ్లింది, జుబైల్ వెళ్లింది, ఊరికీ వెళ్లింది. పది రోజులకు ఆడబిడ్డ ఫోన్ చేసింది.

"వదినా, గదంత ఉత్తదేనట గదా! మా ఆయన గప్పుడే అన్నడు, నువ్వు గసుంటిదానివి కాదని."

"గప్పుడే అన్నడా?"

"అన్నడు గని మెల్లగ అన్నడు. నీకు ఇనవడలె." గొంతు తగ్గించి, "వదినా, మా బర్రె పాలిస్తలేదే. నీకేమన్న ఎరుకుంటే జర జెయ్యరాదు!"

మా ఇంట్లో కూడా అంతే. నమ్మలేదు అంటారు, పూర్తిగా నమ్మకపోవడం చేతకాదు. కాకపోతే మేడం ఒక పొద్దున పాపను తెచ్చి, ఏమీ అనకుండా నా ఒళ్లో కూర్చోబెట్టి స్నానానికి వెళ్లిపోయింది. క్షమించమని అడగలేదు. నేనూ అడగమనలేదు. పాప నా కొంగు నోట్లో పెట్టుకుని చీకుతూ కూర్చుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు పాపకు మళ్లీ ముద్ద దిగలేదు. మేడం నా చుట్టూ తిరిగి, చివరికి అడిగింది.

"అక్కా, అమ్మ మళ్లీ దిష్టి తీయమంటోంది."

"తీయుండ్రి మేడం."

"నేనా?"

"నీ బిడ్డె గదా. గుప్పిట్ల వట్టుకో, చుట్టు తిప్పు. నేను పాపను వట్టుకుంట."

ఆమె పట్టుచీర కట్టుకుని వచ్చింది, పెళ్లికి పోతున్నట్టు. బాల్కనీ తలుపు తెరిచి, కప్పులోని మిషన్‌కు స్నానాల టోపీ తొడిగి, మిరపకాయలు తిప్పింది. ఎటు తిప్పాలో తెలియక రెండు వైపులా తిప్పింది. ఘాటు పైకి వెళ్లింది కాబోలు, పై మేడం దిగివచ్చి, ముక్కు ఎగబీల్చి, అంతా చూసి, చేతులు జోడించింది.

"మీరు ఎంత పద్ధతిగా చేస్తారండీ! సాయంత్రం మా వాడికి కూడా కాస్త తిప్పరూ?"

ఇప్పుడు బిల్డింగ్‌లో దిష్టి తీసేది మా మేడమే. పిల్లల్ని ఎత్తుకుని వరసగా వస్తారు. ఆమె చెయ్యి ఫొటో తీసి గ్రూపులో కూడా పెట్టారు. పరాయి దేశంలో ఉండి కూడా మన సంప్రదాయం మరిచిపోలేదని పై మేడం వాయిస్ పెట్టింది, అదే తేనె గొంతుతో. అందరూ దండాల బొమ్మలు పంపారు. పాప నా ఒళ్లోనే ఉండి ఆ ఫోన్ లాక్కోబోయింది.

మిరపకాయలు అవే. నేనే తొడిమెలు చూసి ఏరి ఇస్తాను.